జాలి మీట

ఒకటో నమోదు

సంజాయిషీ రాయమన్నారు, రాస్తున్నాను. మత్తిచ్చే యంత్రం జోలని చేత్తో ఆపిన నర్సు ఎందుకు ఆపిందో ఏ రోజుకా రోజు నమోదు పెట్టాలని ఆసుపత్రి నడిపే సంఘం వారి నియమం. నా పేరు కొల్లి దీవెన. కట్ట ఆసుపత్రి, ఊపిరి వార్డు, పగటి డ్యూటీ. ఎందుకు ఆపానంటే, మనిషిని లేపడానికి ఆపాను. ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు. కానీ ఒక్క ముక్కలో రాస్తే పొగరుగా ఉంటుందని మా ఇన్‌చార్జి మార్తమ్మ గారు అన్నారు. ఆవిడ మంచి మనిషే. పైనుంచి ఫోను రానంతసేపూ మంచి మనిషే.

మూడో మంచం మీదున్నది పంతాడి లోవరాజు, గజ ఈతగాడు. సముద్రం ఊళ్ళోకి రాకుండా ఆపుతున్న మన కట్టకి అడుగున బీటలు పడితే, నడుముకి తాడు కట్టుకుని దిగి పూడ్చే పని అతనిది. రాయి జారి ఎడమ పక్కటెముకలు విరిగాయి. ఉప్పునీళ్ళు లోపలికి పోయి నిమ్ము చేసింది. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. ఇప్పుడు నిమ్ము తగ్గింది, జ్వరం లేదు, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. ఇక కావలసింది ఒక్కటే. మనిషికి తెలివి వచ్చి, తన ఊపిరి తను తీసుకోవాలి. అప్పుడు గొట్టం పీకేసి అన్నం పెట్టొచ్చు.

తెలివి రాకుండా చూసుకునే యంత్రం మంచం తల దగ్గరే ఉంది. జోల మనిషి ముఖం చూస్తుంది, నాడి చూస్తుంది, చేతులు చూస్తుంది, మత్తు తనే ఎక్కిస్తుంది, తనే తగ్గిస్తుంది. తగ్గించగా మాత్రం నేనింతవరకూ చూడలేదు. కనుబొమ్మ ముడిపడితే చాలు, ఒక చుక్క. వేలు కదిలితే ఇంకో చుక్క. అది చూసి వార్డుకి ప్రశాంతత మార్కులు. మా వార్డుకి పోయిన ఏడాది బహుమతి కూడా వచ్చింది. ప్రశాంతంగా పడుకోబెట్టినందుకు బహుమతి, లేపినందుకు సంజాయిషీ.

ఈ ఉదయం మేలుకొలుపు పెట్టాను. అంటే మత్తు ఆపేసి, మనిషి తనంతట తను పైకి తేలేదాకా పక్కన నిలబడి చూడడం. లోవరాజు కదిలాడు. కనుబొమ్మలు ముడేశాడు, తల అటూ ఇటూ తిప్పాడు, పట్టీ కట్టిన కుడిచెయ్యి లాగాడు. చెవి దగ్గర నోరు పెట్టి కేకేశాను, "లోవరాజూ, కళ్ళు తెరువు, నేను సిస్టరుని" అని. తెరవలేదు. ఈలోగా జోల దానంతట అదే మళ్ళీ మొదలై మత్తు ఎక్కించింది. చూస్తుండగానే ముఖం సున్నం కొట్టిన గోడలా తెల్లగా, నున్నగా అయిపోయింది. మేలుకొలుపు తప్పినట్టు లెక్క.

వరసగా నాలుగు తప్పితే పేషెంటుని ఒడ్డుకి పంపుతారు. ఒడ్డంటే కట్ట చివరి హాలు. అక్కడ నర్సులు ఉండరు, జోలలే ఉంటాయి. నేను ఈ వార్డుకి వచ్చాక ఒడ్డు నుంచి తన కాళ్ళ మీద నడిచొచ్చిన మనిషిని చూడలేదు. లోవరాజుకి నలభై ఏళ్ళు కూడా లేవు.

రెండో నమోదు

ఇవాళ కూడా తప్పింది. ఇవాళ కూడా జోల మధ్యలో మేల్కొంది. మనిషిని లేపుదామంటే యంత్రం లేస్తోంది.

నా అనుమానం హసీనా మీద పడింది. హసీనా నాతో పాటు డ్యూటీ చేసే నర్సు, చురుకైన పిల్ల, హస్తవాసి మంచిది, సూది నొప్పి తెలియనివ్వదు. కానీ పేషెంటు ఎలా ఉన్నాడే అంటే తెర వంక చూస్తుంది. ఇవాళ అడిగాను.

"హసీనా, ఈయన ఎంత లోతులో ఉన్నాడు?"

"మైనస్ మూడు అక్కా."

"తెర సంగతి అడగలేదు. భుజం మీద చెయ్యేసి చెప్పు."

"చెయ్యేస్తే నాకేం తెలుస్తుందక్కా?" అంది. ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగింది.

దాన్ని తిట్టి ఏం లాభం? ఏటేటా మాకు పెట్టే పరీక్షలో జోలలో ఏ మెనూ ఎక్కడుందని అడుగుతారు తప్ప, మనిషి ఎందుకు కదులుతున్నాడని ఒక్క ప్రశ్న కూడా ఉండదు. హసీనాకి అందులో నూటికి నూరు. నాకూ నూటికి నూరే. మేమిద్దరం మెనూలో ఘటికులం.

మధ్యాహ్నం కూర్చోబెట్టి చెప్పాను. మత్తు వేరు, నొప్పి తగ్గడం వేరు. నొప్పి ఉన్నవాడికి మత్తిస్తే నొప్పి పోదు, నొప్పి అని చెప్పే నోరు పోతుంది. కదిలాడంటే ముందు కారణం వెతుకు. నొప్పా, గొట్టంలో కఫమా, మూత్రం గొట్టం మెలిపడిందా, దాహమా, ఎక్కడున్నాడో తెలియని భయమా. అన్నీ చూసి, ఏదీ కాకపోతే అప్పుడు మత్తు. హసీనా వింది. విని, "ఇవన్నీ చూసేలోపు మార్కు పడిపోతుంది కదక్కా" అంది. నిజమే, పడిపోతుంది.

నువ్వేమైనా జోలని మళ్ళీ ఆన్ చేశావా అని కూడా అడిగేశాను. పిల్ల మొహం మాడ్చుకుని, సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

మూడో నమోదు

హసీనా కాదు. జోల లోపలి చిట్టా తీసి చూశాను. మేలుకొలుపు మధ్యలో పడిన ప్రతి చుక్క పక్కనా ఒకటే మాట ఉంది: ఇల్లు.

జాలి మీట సంగతి నాకు తెలియక కాదు. ఉప్పునిమ్ము అంటుకుంటుందని ఇంటివాళ్ళని వార్డులోకి రానివ్వరు. రానివ్వకపోతే ఊరుకుంటారా? కట్ట తెగిన ఏడాది ఆసుపత్రి గేటు విరగ్గొట్టారు. అప్పుడు సంఘం వారు ఇంటికో పలక ఇచ్చారు. పలకలో తమ మనిషి కనిపిస్తాడు. కింద మీట ఉంటుంది. మనవాడు బాధపడుతున్నాడనిపిస్తే నొక్కొచ్చు, జోల ఒక చిటికెడు మత్తు ఇస్తుంది. చిటికెడే కాబట్టి ప్రమాదం లేదన్నారు. ఆ నొక్కుడిని ఆపే అధికారం నర్సుకి లేదు, డాక్టరుకి కూడా లేదు. అది ఇంటివాళ్ళ హక్కు. మామూలుగా రోజుకో రెండు రోజులకో ఒకసారి నొక్కుతారు. ఇక్కడ ఒక్క ఉదయంలో చిట్టా నిండిపోయింది.

లోవరాజు భార్య నూకరత్నానికి పలకలో ఫోన్ చేశాను. ఆవిడ కూడా కట్ట పనే చేస్తుంది. మొగుడు దిగితే పైన తాడు పట్టుకునేది ఆవిడే.

"ఏమ్మా నూకరత్నం, ఆయన లేవాలని ఉందా, లేదా?"

"అదేం మాటండీ సిస్టరుగారూ. లేవకపోతే మా బతుకేంటండి?"

"మరి లేపుతుంటే ఆ మీటెందుకు నొక్కుతున్నావు?"

"ఒక్కసారే నొక్కానండి. ఆయన అలాగ మెలికలు తిరిగిపోతుంటే చూళ్ళేక నొక్కానండి. మళ్ళీ నొక్కితే ఒట్టు."

"ఒక్కసారా? ఇక్కడ బోలెడు ఉన్నాయమ్మా."

ఆవిడ ఏదో చెప్పబోయింది. వెనక ఎవరో పిలిచారు. "ఉంటానండి, ఇంటికి జనం వచ్చేరండి" అని పెట్టేసింది. పచ్చి అబద్ధాలాడుతోందని నేను అనుకున్నాను. అనుకోవడమే కాదు, హసీనాతో పైకి అన్నాను కూడా.

మార్తమ్మ గారి దగ్గరికి వెళ్ళి, మేలుకొలుపు పెట్టిన గంటైనా ఆ మీట పనిచేయకుండా చేయించండి అన్నాను.

"దీవెనా, నీకు దండం పెడతాను. మీట మీద చెయ్యి వేశామంటే ఊరు ఊరంతా మన మీదకొస్తుంది. కిందటిసారి గేటుతో పోయింది."

"మనిషి ఒడ్డుకి పోతాడండీ."

"నేను పంపుతున్నానా? నియమం పంపుతోంది."

తెర మీదే తప్ప వార్డులో కనిపించని డాక్టరుగారు కూడా అంతే. విన్నారు, తలాడించారు, "ఇంటివాళ్ళకి నచ్చజెప్పండి సిస్టర్" అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఈ వార్డులో వినేదాన్ని నేనే.

ఈ నమోదు రాస్తుండగా చూశాను, ఈ ఉదయం మేలుకొలుపు కూడా తప్పినట్టు పడింది. అంటే మిగిలింది ఒక్కటి.

నాలుగో నమోదు

ఇవాళ నాకు సెలవు, కాబట్టి మేలుకొలుపు లేదు. సెలవు రోజున ఎక్కడికి పోయానో సంఘం వారికి చెప్పక్కరలేదు, అయినా రాస్తున్నాను. గట్టు కాలనీలో పంతాడి వారింటికి పోయాను. నూకరత్నాన్ని నాలుగు దులపాలనే పోయాను.

పొద్దున్నే గుమ్మం ముందు చెప్పుల గుట్ట. పెళ్ళా, చావా అనుకున్నాను. లోపల నట్టింట్లో పీట వేసి, మీద ఉతికిన తువ్వాలు పరిచి, దాని మీద పలక పెట్టారు. పలకలో లోవరాజు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పీట ముందు కూర్చుంటున్నారు, అతన్ని చూసి చ్చొచ్చొ అంటున్నారు, ఒకసారి మీట నొక్కుతున్నారు, లేచి గోడవార చేరి టీ తాగుతున్నారు. ఆడా మగా, ముసలీ ముతకా, అందరూ. ఒక్కొక్కరు ఒక్కసారే. ఎంత పద్ధతిగా నొక్కుతున్నారంటే, వెనకవాళ్ళకి దారి కూడా ఇస్తున్నారు.

నేను గుమ్మంలోనే ఆగాను.

"రండమ్మా, లోపలికి రండి," అన్నాడొక పెద్దాయన. లోవరాజుకి పెదనాన్నట, పేరు వీరస్వామి. నన్ను పరామర్శకి వచ్చినదాన్ననుకున్నాడు. "కుర్రోడికి మీ చేత్తో కూడా ఒకసారి నొక్కండి."

"ఎందుకు నొక్కాలండీ?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అదేంటమ్మా? మంచం పట్టినోణ్ణి చూడ్డానికెళ్తే ఉత్త చేతుల్తో వస్తామేంటి? మా వాళ్ళల్లో తలా ఓ చెంచాడు జావ నోట్లో పోసి వస్తాం. అందరి చెయ్యీ పడితే రోగం దిగుద్దని. ఇప్పుడు లోపలికి రానివ్వట్లేదు కదా. అందుకని ఇదో." మీట చూపించాడు.

జాలి మీటకి చేసిన పరీక్షలన్నీ ఒక ఇంట్లో ఒక భార్యో ఒక కొడుకో ఉంటారని చేసినవి. ఇంటికి ఊరంతా వస్తుందని ఎవరికీ తోచలేదు. ఉదయం షిఫ్టు దిగిన కట్ట పనివాళ్ళు ఇంటికి పోతూ దారిలో పరామర్శకి వస్తారు. నేను మేలుకొలుపు పెట్టేదీ సరిగ్గా అప్పుడే. ఇటు నేను మత్తు ఆపుతాను, అటు ఊరు వరస కడుతుంది. తిలా పాపం తలా పిడికెడు. అందరూ ప్రేమతోనే చేశారు, ఎవరి మీద కోప్పడాలో తెలియక ఒళ్ళు మండిపోయింది.

నూకరత్నాన్ని వంటగదిలోకి లాక్కుపోయి విషయం చెప్పాను. ఒక్కో నొక్కుడు చిటికెడే, చిటికెళ్ళన్నీ కలిసి బస్తా అయిందని చెప్పాను. రేపు తప్పితే ఒడ్డుకేనని కూడా చెప్పాను. ఆవిడ పొయ్యి పక్కన చతికిలబడింది. నిన్న ఆవిడని అబద్ధాలకోరు అనుకున్నానని అక్కడే చెప్పేశాను. ఆవిడ పట్టించుకోలేదు.

"వొద్దని నేనెలాగ చెప్పనండి?" అంది. "ఈయన కిందకి దిగితే గాలిపంపు తిప్పేది ఆ చేతులేనండి. రేపు మళ్ళీ తిప్పాల్సింది ఆళ్ళే. నా మొగుణ్ణి ముట్టుకోవద్దని చెయ్యి అడ్డం పెడితే, నాకెవరు తోడుంటారండి?"

"నువ్వు చెప్పొద్దు. నేను చెబుతాను. రేపు పొద్దున్న నీ గుమ్మంలో నేను కూర్చుంటాను. తిడితే నన్ను తిడతారు."

"మరి అక్కడ ఆయన్ని లేపేది ఎవరండి?"

ఆ ప్రశ్నకి నా దగ్గర ఉన్న జవాబు నాకే నచ్చలేదు. హసీనా.

సాయంత్రం వార్డుకి పోయి హసీనాతో చెప్పాను. దాని మొహంలో రంగు పోయింది. "నావల్ల కాదక్కా. ఆయన కొట్టుకుంటే నాకు చేతులాడవు" అంది. ఆడతాయన్నాను. ఆడకపోతే తెర వంక కాదు, మనిషి వంక చూడు అన్నాను. మార్తమ్మ గారికీ చెప్పబోయాను. ఆవిడ చెవుల మీద చేతులు పెట్టుకుని, "నాకేం చెప్పకు. నాకేం తెలీదు. రేపు నేను పొద్దున్నంతా స్టోర్లో ఉంటాను" అన్నారు. ఆవిడ చేసిన ఈ ఒక్క సాయానికి జీవితాంతం రుణపడి ఉంటాను.

ఐదో నమోదు

తెల్లవారగానే నూకరత్నం గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. యూనిఫారం వేసుకునే పోయాను. పీట మీది పలక లోపలి గదిలోకి మార్పించి, దాని ముందు నూకరత్నాన్ని కూర్చోబెట్టాను. చెవిలో హసీనా ఫోను.

షిఫ్టు దిగినవాళ్ళు రానే వచ్చారు. అందరికంటే ముందు వీరస్వామి.

"జరగమ్మా, కుర్రోణ్ణి చూసెళ్తాం."

"చూడ్డానికి ఏమీ లేదండి. ఇవాళ ఎవరూ మీట ముట్టుకోకూడదు."

"ఎవరన్నారు?"

"నేనే అంటున్నాను. ఆసుపత్రి సిస్టరుని."

"మావోణ్ణి ముట్టుకోడానికి మాకు నీ పర్మిషనేంటి?"

"మీరు ముట్టుకున్నందుకే పెదనాన్నగారూ, ఆయన లేవట్లేదు. మీ అందరి జావా కలిసి గొంతుకి అడ్డం పడింది."

ఆ మాట కొంచెం మెత్తగా అనాల్సింది. నా నోరు అంతే. గుమ్మం ముందు గుసగుసలు మొదలయ్యాయి. ఒకావిడ, జాలి లేని దాన్ని నర్సుగా ఎవరు పెట్టారని గట్టిగానే అంది. ఇంకొకడు స్టూలు ఎత్తి పక్కన పెడదామన్నాడు. వీరస్వామి మాత్రం చేతికర్ర పక్కన పెట్టి, గుమ్మం ముందు నేల మీద కూర్చున్నాడు. పెద్దాయన కూర్చున్నాక మిగతావాళ్ళు నిలబడలేరు. వరసగా కూర్చున్నారు.

చెవిలో హసీనా గొంతు వినపడింది. "అక్కా, మత్తు ఆపాను. కదులుతున్నాడు. నాడి నూట ముప్ఫై. జోల అడుగుతోంది. ఇచ్చెయ్యమంటావా?"

"జోలని చూడకు. ఆయన్ని చూడు. ఏం చేస్తున్నాడు?"

"దగ్గుతున్నాడు. కఫం లాగేశాను. మూత్రం గొట్టం బాగానే ఉంది." తర్వాత, "అక్కా, దగ్గినప్పుడల్లా ఎడమ పక్క బిగబట్టుకుంటున్నాడు. దగ్గడానికి భయపడుతున్నాడు. పక్కటెముకలక్కా. నొప్పి మందు ఎప్పుడిచ్చారో చూస్తాను." చిట్టా తీసింది. "ఇవ్వట్లేదక్కా. ముఖం ప్రశాంతంగా ఉందని జోల నొప్పి మందు మానేసింది."

దాని ముందు నాకు సిగ్గేసింది. మత్తు వేరు, నొప్పి వేరని దానికి పాఠం చెప్పింది నేను. మూడు మేలుకొలుపుల్లో ఆ మాట చిట్టాలో వెతకనిది కూడా నేనే. నొప్పి మందు ఎక్కించమన్నాను. మందు పనిచేసేదాకా ఆగాము. నాడి నూట పదికి దిగింది.

లోపలి గదిలో నూకరత్నం పలక మీదికి వంగి ఉంది. లోవరాజు చెయ్యి పట్టీని లాగుతోంది. ఆవిడ బొటనవేలు మీట మీద పెట్టి ఉంది. నొక్కలేదు, తీయలేదు. నేను స్టూలు మీంచి లేవలేను, లేస్తే గుమ్మం ఖాళీ. "నూకరత్నం, వేలు తియ్యి" అన్నాను. ఆవిడకి వినపడిందో లేదో.

"అక్కా, పిలుస్తున్నాను, కళ్ళు తెరవట్లేదు" అంది హసీనా. "గట్టిగా కూడా పిలిచాను. ఇది కూడా తప్పినట్టేనా?"

"ఇంకా గట్టిగా పిలువు. చెవిలో పిలువు."

అప్పుడు నూకరత్నం తలెత్తింది. "చెవిలోనా? ఆయనకి వినపడదు కదండీ."

"ఏంటీ?"

"అడుగు పని చేసేవోళ్ళెవరికీ వినపడదండి. నీళ్ళ బరువుకి పోతాయండి చెవులు. మీకు తెలీదా?"

తెలియదు. పేషెంటు చేరేటప్పుడు జోల అడిగే ప్రశ్నల్లో చెవుల మాట లేదు, నేనూ అడగలేదు. ఇన్నాళ్ళూ చెవిటివాడి ముందు శంఖం ఊది, లేవట్లేదని రాసుకున్నాను.

"మరి నీళ్ళల్లో ఉన్నవాణ్ణి ఎలా పిలుస్తావమ్మా?"

"తాడుతోనండి. ఒకసారి లాగితే బాగున్నావా అని. బాగుంటే ఆయనా ఒకసారి లాగుతాడండి."

"హసీనా, పట్టీ విప్పు. మణికట్టు పట్టుకుని ఒక్కసారి లాగు. మెల్లగా కాదు, తాడు లాగినట్టు లాగు."

నూకరత్నం పలకని రెండు చేతులతో పట్టుకుంది. గుమ్మం ముందు కూర్చున్నవాళ్ళలో ముందు వరస మోకాళ్ళ మీద లేచి లోపలికి చూస్తోంది. వద్దనే ఓపిక నాకు లేదు. హసీనా లాగింది. లోవరాజు చెయ్యి కాసేపు గాలిలో ఆగింది. తర్వాత హసీనా చేతిని పట్టుకుని లాగాడు. మళ్ళీ లాగాడు.

"రెండుసార్లు లాగాడక్కా" అంది హసీనా. "బాగున్నట్టేనా?"

నూకరత్నం పలక ఒళ్ళో పెట్టుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. వీరస్వామి నేల వంక చూస్తూ, నాకు చెప్పాడు.

"రెండుసార్లంటే పైకి తియ్యమని."

ఆ చెయ్యి అలా లాగడం నేను మొదటి రోజు నుంచీ చూస్తున్నాను. కంగారు అని రాశాను. జోల కూడా అదే రాసింది. ఈ ఇంట్లో రోజూ అందరూ చూశారు. వీళ్ళలో ఆ సైగ తెలియనివాళ్ళు ఎవరూ లేరు. కానీ మంచం మీద పడుకున్నవాడి చెయ్యి అది, తాడు లేదు, నీళ్ళు లేవు. ఎవరికీ తట్టలేదు. బాధపడుతున్నాడనుకున్నారు, నొక్కారు.

కాసేపటికి లోవరాజు కళ్ళు తెరిచాడు. మేలుకొలుపు నిలిచింది. మధ్యాహ్నానికి తన ఊపిరి తను తీశాడు, సాయంత్రం తెర మీది డాక్టరుగారు చూస్తుండగా గొట్టం తీశాము. ప్రశాంతత మార్కు నూటికి ముప్ఫైకి పడిపోయింది. హసీనా చేతులు కడుక్కునే చోట నిలబడి చాలాసేపు ఏడ్చింది. నేను దాని వీపు మీద చెయ్యేసి నిలబడ్డాను.

ఆరో నమోదు

ఇదే ఆఖరు నమోదు. రేపటి నుంచి సంఘం వారు నన్ను వేరే వార్డుకి మార్చారు. కారణం రాయలేదు, నేనూ అడగలేదు.

ఈ ఉదయం లోవరాజుని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టాము. మంచం దగ్గరి పలక తిప్పి, ఇంటిని అతనికి చూపించాము. నట్టిల్లు నిండా జనం. గోడవార నిలబడడానికి చోటు లేక కిటికీలో కూడా తలలు. ముందు నూకరత్నం, పక్కన వీరస్వామి. మాటలు అక్షరాలుగా కనబడేలా పలకలో పెట్టాను, అతను చదువుకోగలడు.

"ఎలాగున్నావయ్యా?" అంది నూకరత్నం.

అతను చాలాసేపు ఆవిడ వంకే చూశాడు. గొట్టం రాసుకుని గొంతు బొంగురుపోయింది. మాట్లాడొద్దన్నా వినలేదు.

"నీళ్ళల్లోనే ఉన్నాననుకున్నానే. పైకి వస్తన్నాను, వెలుగు కనపడతంది, ఎవరో తల మీద చెయ్యేసి కిందకి తోసేవోళ్ళు. మళ్ళీ వస్తన్నాను, మళ్ళీ తోసేవోళ్ళు. రెండు లాగాను. ఎన్నిసార్లు లాగానో. పైన ఎవరూ లేరనుకున్నాను." దగ్గాడు, పక్క పట్టుకున్నాడు, ఊపిరి సర్దుకున్నాడు. "తాడు ఎవరు పట్టుకున్నారే?"

కిటికీలో తలలు ఒక్కొక్కటీ కిందకి దిగాయి. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పి సర్దేస్తారనుకున్నాను. మత్తులో కల వచ్చిందని నేనే చెప్పొచ్చు, అది నా పనే. చెప్పలేదు.

"నేనేనయ్యా," అంది నూకరత్నం. "నేనే పట్టుకున్నాను."

అతని ముఖం ముడుచుకుపోయింది. కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదకి కారుతున్నాయి. భుజాలు ఎగిరిపడుతున్నాయి. విరిగిన పక్క బిగబట్టుకుని ఏడుస్తున్నాడు. మంచం తల దగ్గర జోల ఎర్రదీపం వెలిగించి మత్తు ఇవ్వమంటారా అని అడిగింది. హసీనా నా వంక చూడలేదు, తెర వంకా చూడలేదు. వంగి అతని మణికట్టు పట్టుకుంది.

పలక అవతల నూకరత్నం చెయ్యి మీట పక్కనే ఉంది. వీరస్వామి చెయ్యి కూడా అందేంత దూరంలోనే ఉంది. అతను ఏడుస్తున్నంతసేపూ ఆ ఇంట్లో జనమంతా అతన్నే చూస్తూ నిలబడ్డారు. ఎవ్వరూ నొక్కలేదు.

ఈ రోజు మూడో మంచం ప్రశాంతత మార్కు సున్నా. సంఘం వారు నమోదు చేసుకోగలరు.